వెండి నీళ్లకు ఏ కరెంటు

బజారంతా అతన్ని ఓల్టేజీ అనే పిలుస్తుంది. మూగబోయిన రేడియో అయినా, పొగలు కక్కిన మిక్సీ అయినా అతని బల్ల ఎక్కితే బతికి బట్టకట్టాల్సిందే. ఒక్కటే జబ్బు. కరెంటు సంగతి ఎవరైనా అడిగితే చాలు, ఇక ఒళ్లు తెలియదు.

అతని అక్క బడిలో టీచరు. పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు ఎప్పుడూ బొంగురే. శుద్ధి చేసిన నీళ్లలో రెండు వెండి తీగలు ముంచి కరెంటు పెడితే ఆ నీళ్లు సర్వరోగాలకూ మందని ఏదో వీడియోలో చూసిందట.

"ఒరేయ్ తమ్ముడూ, దీనికి బ్యాటరీలు మంచివా, చార్జరు మంచిదా?"

అడగకూడని మనిషిని అడిగింది. ఓల్టేజీ చేతిలో పని వదిలేశాడు. చదరపు బ్యాటరీలు వరసగా తగిలించి చూసి, "ఇవి నీరసపడేకొద్దీ నీళ్లు ఒక్కోసారి ఒక్కోలా వస్తాయక్కా" అని పక్కన పడేశాడు. ఫోను చార్జరు చాలదన్నాడు. చివరికి పాత ప్రింటరు అడాప్టరు తెచ్చి, కరెంటు మితిమీరకుండా మధ్యలో చిన్న బల్బు పెట్టి, అక్క వంటింటి గట్టు మీద అమర్చాడు. గ్లాసులో నీళ్లు లేత పసుపుకు తిరిగేసరికి అతని మొహం చేటంత అయింది. కరెంటు గురించి ఇన్ని ఆరాలు తీసిన పెద్దమనిషి, ఈ నీళ్లు మనిషి తాగొచ్చా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అక్క ఏడాదికి పైగా తాగింది. గొంతు బాగుపడలేదు. ముందు గోళ్ల మొదళ్లు నీలం కలిసిన బూడిదరంగుకు తిరిగాయి, తర్వాత మొహం. వెండి చర్మంలోకి దిగిపోయిందనీ, ఇక పోదనీ డాక్టరు చెప్పాడు.

"బ్యాటరీలతో చేసుంటే ఇలా అయ్యేది కాదేమోనండీ?" అన్నాడు ఓల్టేజీ చేతులు నలుపుకుంటూ.

"దేంతో చేసినా వెండి వెండే కదయ్యా," అన్నాడు డాక్టరు.

అక్క మాత్రం ఎండకు కమిలిపోయానని అందరికీ చెప్పుకుంది. తమ్ముడి ఊసు ఎక్కడా రానివ్వలేదు. అది విన్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది.

అక్క రిటైరైన రోజు బడి ఆఫీసు గదిలో గ్రూపు ఫొటో. ఫొటోగ్రాఫరు కెమెరా తెర చూసుకుని పెదవి విరిచాడు.

"మేడం మొహం నీలంగా వస్తోందండీ. ట్యూబులైటు తేడాగా ఉంది."

"మన ఓల్టేజీ ఉన్నాడుగా!" అన్నాడు హెడ్‌మాస్టరు. అందరూ తలుపు దగ్గర నిలబడ్డ అతని వైపు తిరిగారు.

లైటుకు ఏ రోగమూ లేదని అతనికి తెలుసు. అయినా స్టూలెక్కాడు. బాగున్న ట్యూబు ఊడదీసి కొత్తది బిగించాడు. ఫొటోగ్రాఫరు మళ్లీ తీసి, మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

"ఇంకోటి పెట్టి చూడరా," అంది అక్క గబగబా. "లైటుదే తప్పు."

నిజం చెప్పమని పిల్లలకు జీవితమంతా నేర్పిన మనిషి, తమ్ముడి కోసం ఇంతమంది ముందు అబద్ధమాడుతోంది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

"లైటు బాగానే ఉందండీ," అన్నాడు స్టూలు మీద నుంచే. "అక్క ఎండకు కమిలిపోలేదు. నేను చేసిచ్చిన నీళ్లు తాగి ఇలా అయింది."

అక్క లేచి వచ్చి, స్టూలు ఊగకుండా రెండు చేతులా పట్టుకుంది.

"దిగరా, పడతావు. దిగి నా పక్కన నిలబడు," అంది. "ఫొటో ఇలాగే తీస్తారు."