తాళం లేకుండా ఆన్ అయిన లారీ

అనగనగా ఒక లారీ. దానికి పది చక్రాలు, ఒక తాళంచెవి, ఆ తాళంచెవిని నమ్మి మోసపోయిన ఒక పిల్ల. ఊ కొట్టేవారు కొట్టండి. కొట్టకపోయినా నేను ఆపను. మొన్న మిర్యాలగూడ మిల్లు ముందు నా పరువు పోయిందని చెప్పుకుంటున్నవారికి సగం కథే తెలుసు. మిగతా సగంలో న్యాయం నా వైపున ఉన్నది.

సూర్యాపేటలో వాహనాలకు జీపీఎస్ బిగించే దుకాణంలో నేను పనిచేస్తున్నాను. బండి ఎక్కడ ఉందో యజమాని ఫోనులో చూపించే చిన్న డబ్బా అది. ఎర్ర తీగ బ్యాటరీకి, నల్లది ఎర్తుకు. ఈ రెండూ ఎవరైనా కలుపుతారు. మూడవదే అసలు విద్య. తాళం తిప్పగానే కరెంటు వచ్చే తీగను, తాళం తీయగానే కరెంటు పోయే తీగను వెతికి పట్టుకొని దానికి కలపాలి. అప్పుడే ఇంజన్ ఆన్‌లో ఉన్నదో లేదో డబ్బాకు తెలుస్తుంది. కథల్లో రాక్షసుని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. పాత లారీ ప్రాణం అంతకంటే కష్టమైన చోట, స్టీరింగు కింద, ఎందరో మెకానిక్కులు చుట్టిపోయిన టేపుల మధ్య ఉంటుంది.

ఆ లారీ డ్రైవరు లింగయ్య. వయసులో పెద్దవాడు, మితభాషి. చెప్పులు మెట్టు మీద విడిచి గాని క్యాబిన్ ఎక్కడు. ఖాళీ బండిని మా దుకాణం ముందు నిలిపాడు. నేను డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను. నాకు కనిపిస్తున్నది తీగల గుత్తి, లింగయ్య పాదాలు మాత్రమే.

"తాళం తిప్పండి బాబాయ్."

తిప్పాడు. నా టెస్ట్ బల్బు వెలిగింది.

"తీసేయండి."

తీశాడు. ఆరిపోయింది.

మళ్లీ తిప్పమన్నాను, వెలిగింది. మళ్లీ తీయమన్నాను, ఆరింది. ఇంతకంటే విధేయమైన తీగను నేను నా ఉద్యోగంలో చూడలేదు. కలిపాను, టేపు చుట్టాను, లేచి బట్టలు దులుపుకున్నాను. ఇందులో నా తప్పు ఎక్కడ ఉన్నదో చూపించండి.

వారం తిరగకముందే లారీ యజమాని ఫోన్ చేశాడు. అందరూ ఆయనను సేటు అంటారు.

"అమ్మా, బండి మిర్యాలగూడ మిల్లు కాడ లైన్ల ఉన్నది. పొద్దటి సంది ఇంజన్ ఆన్ అని సూపిస్తుంది. లింగయ్యనేమో ఆఫ్ జేసిన అంటుండు. ఎవరిది అబద్ధం?"

ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసింది. ఆలోచించలేదు.

"పరికరం అబద్ధం చెప్పదు సార్."

"గట్లయితే వీడు ఊకెనే డీజిల్ కాలవెడ్తుండు. పైగా అబద్ధం. నువ్వొచ్చి వాని ముంగట చెప్పు. ఇయ్యాల తాళం గుంజుకుంట."

ఇంతటితో ఒక మనిషి ఉద్యోగం నా మాట మీద ఆధారపడింది. ఆ సంగతి నాకు బస్సులో కూర్చున్న తరువాతనే పూర్తిగా తెలిసివచ్చింది. తెలిసినా నా మాట మారలేదు. నేను కలిపిన తీగ మీద నాకు అంత నమ్మకం.

మిల్లు గేటు నుండి రోడ్డు దాకా వడ్ల లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలి నిండా ఊక దుమ్ము. లింగయ్య బండి చుట్టూ డ్రైవర్లు, హమాలీలు మూగారు. సేటు నన్ను ముందుకు పిలిచాడు.

"గీ పిల్లనే మిషన్ పెట్టింది. ఏం చెప్తదో ఇను."

"చెప్పుడెందుకు? ఇంజన్ మీద చెయ్యి పెట్టి సూడు బిడ్డా" అన్నాడు లింగయ్య.

పెట్టాను. కుండలో నీళ్లవలె చల్లగా ఉన్నది. అక్కడైనా నేను ఆగిపోవలసింది. ఆగలేదు.

"ఇంజన్ చల్లగా ఉన్న మాట నిజమే. అయినా సిగ్నల్ వస్తున్నది కాబట్టి, ఆన్‌లో ఉన్నట్టే లెక్క."

వెనుక నుండి ఒక హమాలీ అందుకున్నాడు. "సల్లగుండి నడిసే ఇంజన్ మా ఊర్లె కూడ కావాలె అక్కా. ఎండకాలం పనికొస్తది."

అందరూ నవ్వారు. సేటు నవ్వలేదు, చేయి చాచాడు. లింగయ్య తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఇన్నేండ్ల సంది తోలిన. ఒక్కనాడు నీ డీజిల్ ముట్టలే. ఇగ నీ బండి నీది. నా సామిని నేను తీస్కపోత."

చెప్పులు విడిచి క్యాబిన్ ఎక్కాడు. అద్దం పైన పెద్దగట్టు లింగమంతుల స్వామి పటం, దాని ముందు చిన్న ఎర్ర బల్బు ఉన్నాయి. పటం విప్పే ముందు దండం పెట్టి, స్టీరింగు పక్కనున్న బుల్లి స్విచ్చు నొక్కి బల్బు ఆర్పాడు.

సేటు జేబులో ఫోను మోగింది. ఆయన తీసి చూసి, పైకి చదివాడు. "ఇంజన్ ఆఫ్."

తాళంచెవి ఆయన రెండవ చేతిలోనే ఉన్నది.

నేను క్యాబిన్ వైపు తిరిగాను. "బాబాయ్, ఆ స్విచ్చు మళ్లీ వేయండి."

వేశాడు. ఫోను మళ్లీ మోగింది. "ఇంజన్ ఆన్."

"సేటూ, సామి తోల్తుండు బండి" అన్నాడు ఆ హమాలీయే. "లింగయ్యను క్లీనర్‌గ పెట్టుకో."

నేను క్యాబిన్ మెట్టు పట్టుకొని నిలబడ్డాను. "ఆ రోజు తాళం తిప్పమన్న ప్రతిసారీ మీరు ఈ దీపం కూడా వేశారా?"

"ఎయ్యకుండ తాళం ఎట్ల తిప్పుత బిడ్డా?"

"తీయమన్నప్పుడు?"

"ఆర్పిన. ఖాళీ బండిల సామిని ఊకె కూసోబెడ్తనా?"

"మరి ఈ రోజు ఇంజన్ ఆపి దీపం ఎందుకు ఆర్పలేదు?"

"లోడు మీద ఉన్న కదా. వడ్లు దిగేదాక ఆర్పను. అవి మంది సొమ్ము."

నేను కలిపినది ఇంజన్ తీగకు కాదు, ఆయన భక్తికి. ఆ భక్తి ఎంత క్రమశిక్షణ గలదంటే, నా పరీక్షలన్నిటిలోనూ ఉత్తీర్ణమైంది.

అంతమంది ఎదుట చెప్పాను. "తప్పు నాది బాబాయ్. మీరు నిజమే చెప్పారు. నన్ను క్షమించండి." సేటు వైపు తిరిగి, "మీ డీజిల్ చుక్క కూడా వృథా కాలేదు సార్" అన్నాను.

సేటు గొంతు సవరించుకొని తాళంచెవి ఉన్న చేతిని ముందుకు చాచాడు. లింగయ్య తీసుకోలేదు.

"నాకు కాదు, ఆయనకు చెప్పు" అని పటం చూపించాడు.

లారీ యజమానినన్న బింకంతో సేటు చుట్టూ చూశాడు. లైన్లో ఉన్న డ్రైవర్లందరూ ఆయననే చూస్తున్నారు. ఆయన కూడా చెప్పులు విడిచి, మెట్టెక్కి దండం పెట్టాడు. అప్పుడు గాని లింగయ్య తాళం అందుకోలేదు.

అక్కడికక్కడే మూడవ తీగను విప్పి సరైన చోట కలిపాను. ఈసారి లింగయ్యను కిందికి దింపి, తాళం నేనే తిప్పాను. ఇప్పటికీ నా వాదన ఒక్కటే. నా పరీక్షలో లోపం లేదు. తాళంతో పాటు వెలిగింది, తాళంతో పాటు ఆరింది. పరీక్ష అడిగినది అంతే. ఇప్పుడు మాత్రం తాళం తిప్పమనే ముందు, "దేవుడికి జర ఆగమని చెప్పండి" అంటున్నాను. డ్రైవర్లు నన్ను వింతగా చూస్తున్నారు. చూడనివ్వండి.

ఆ సాయంత్రం బస్సు దిగి కోదాడలో మా ఇంటికి చేరేసరికి, వాకిట్లో మా నాయనమ్మ పక్కింటివాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకొని ఉన్నది. నన్ను కూడా కూర్చోమంది.

"ఇయ్యాల మిర్యాలగూడలో ఏం జరిగిందో విను. ఎవరో పిల్ల దేవుడి దీపానికి వైరు ముడేసి, దీపమే ఇంజన్ అని వాదించిందంట. లారీలోళ్లు వచ్చి చెప్పిపోయారు. ఆఖరికి ఆ పిల్ల డ్రైవరు కాళ్ల మీద పడి బోరుమని ఏడ్చిందంట."

"ఏడవలేదు" అన్నాను. "నిలబడే క్షమాపణ అడిగింది."

నాయనమ్మ కళ్లద్దాలు సరిచేసుకొని నన్ను పైనుండి కిందిదాకా చూసింది.

"నీకెట్లా తెలుసే?"

కథ నా కంటే ముందు బస్సు ఎక్కి ఇల్లు చేరింది. కనుక దీనిని కథగా నాకు మొట్టమొదట చెప్పినది మా నాయనమ్మ సైదమ్మ. ఆ ఏడుపు మాత్రం ఆమె కల్పించినది.