ఎర్రదీపం అక్క

ఉచిత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకు నాణ్యత పరీక్షలు రాసి, ఆ పరీక్షలను ఎవరైనా మళ్లీ వాడుకునేలా మూటగట్టడం ఆమె పని. తప్పు దొరికితే తెరమీద ఎర్రగా పడుతుంది కనుక ఆఫీసంతా ఆమెను ఎర్రదీపం అక్క అంటారు. కళ్లజోడు నెత్తిమీదికి తోసి, తెరమీద వేలుపెట్టి ఒక్కో వరుసా చదువుతుంది. పక్కన టీ చల్లారిపోతూ ఉంటుంది. ఆ రోజు కొత్త పరీక్ష పెట్టింది: డిస్కు నిండితే ప్యాకేజీ ఆ మాట చెబుతుందా, ఫైలు పోగొట్టి కూడా భద్రంగా దాచానంటుందా? నలభై ప్యాకేజీలు నెగ్గాయి, ఒక్కటి ఎర్రబడింది. అది పదేళ్ల కిందట ఆమె స్వయంగా రాసినదే. మేనేజరు నసిగాడు: "ఆ ఒక్క పరీక్షా తీసెయ్యక్కా. రేపు ఇది విడుదలైతే అందరూ చూస్తారు, నీ పరువే పోతుంది."

"ఊళ్లోవాళ్ల తప్పులన్నీ ఏకిపారేశాను. నాదొచ్చేసరికి కళ్లు మూసుకోవాలా?" అంటూ ఆ పరీక్షను మూటలో మొట్టమొదటికి జరిపి, అతని ఎదుటే విడుదల చేసేసింది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, తన పాత ప్యాకేజీ తెరిచింది.