పాత కార్డులకు పూచీ పడిన ఖాసింబీ

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే ఖాసింబీ గారు ఇక లేరన్న వార్త నాకు గిద్దలూరులో తెలిసింది. మా కళాశాల స్టాఫ్ రూములో రెండో పీరియడు కోసం లెక్కల పుస్తకం అందుకుంటున్నాను. ఆమె కూతురు షమీమ్ ఫోన్ చేసి, "అక్కా, అమ్మీ పోయింది" అని మాత్రం అన్నది. పొద్దున టీ తాగి దుకాణానికి బయలుదేరబోతూ గుండె పట్టుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. మూడు రోజుల క్రితమే ఆమెతో మాట్లాడాను. ఆ గొంతులో అలసట జాడ కూడా లేదు. మరణం అనివార్యమని ఎరిగిన బుద్ధి సైతం ఆ క్షణాన ఆ సత్యాన్ని అంగీకరించలేదు. క్లాసుకు వెళ్ళి, సుద్దముక్క చేత పట్టుకుని, బోర్డు మీద ఏమి రాయాలో తోచక చాలాసేపు నిలబడిపోయాను.

ఖాసింబీ పత్రికలకెక్కిన మనిషి కాదు. సన్మానాలు ఎరుగదు. కానీ మార్కాపురం చుట్టుపట్ల ఎవరైనా పాత గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకుంటే, అంటే కంప్యూటరులో ఆటల బొమ్మలను తెర మీదికి తెచ్చే ఆ పలక కొనాలనుకుంటే, ముందు ఆమెకు చూపించేవారు. కొత్తది కొనలేని ఇళ్ళ పిల్లలకు, పెద్దలకు ఆమె మాటే గ్యారంటీ కాగితం. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఆ చనువుతోనే ఇక్కడా రాస్తున్నాను.

ఆమె భర్త రహీం గారు మొదట రేడియోలు, ఆ తర్వాత టీవీలు, చివరికి కంప్యూటర్లు బాగుచేసేవారు. ఆయనకు చూపు మందగించాక సన్నని టంకం పనులన్నీ దుకాణంలో తెర వెనక కూర్చుని అత్తే చేసేది. పనితనమంతా రహీం గారిదేనని ఊరు మెచ్చుకునేది. ఆయన పోయాక, భర్తను కోల్పోయిన స్త్రీ ఇల్లు కదలకుండా పాటించే ఇద్దత్ గడువు ముగిసిన మర్నాడే ఆమె దుకాణం తెరిచింది. ఆ తెరను విప్పి, మడిచి, బల్ల కింద పెట్టి, ముందు కుర్చీలో కూర్చుంది. నాలుగు నెలలు మూతపడిన దుకాణానికి మొదటి వారం ఒక్కరూ రాలేదని తర్వాత నవ్వుతూ చెప్పేది.

నేను ఆమెను మొదటిసారి చూసింది డిగ్రీ రెండో ఏట. మాది తర్లుపాడు దగ్గర పల్లె. నాయన కంది, సజ్జ పండించేవాడు. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో, ఒక ఆఫీసు వాళ్ళు వదిలించుకున్న సన్నపాటి కంప్యూటరు కొన్నాను. దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలని మార్కాపురంలో రెండు దుకాణాలకు వెళ్తే రెండు చోట్లా ఒకటే ప్రశ్న: "తమ్ముడికా?" నాకు తమ్ముడు లేడు. సిగ్గుతో తల ఊపి వచ్చేశాను. మూడోది ఖాసింబీ దుకాణం. ఆమె కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఏ ఆట ఆడతావు?" అన్నది.

అంతే. ఎవరికని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

బల్ల మీద మూడు పంకాలతో మెరిసిపోతున్న కార్డు ఒకటి ఉంది. నా చూపు దాన్ని వదలలేదు. అత్త దాన్ని తీసి పక్కన పెట్టింది.

"దాని జోలికి పోవద్దు బేటీ. నీ పెట్టె ఎంత లావు?"

చేతులతో చూపించాను.

"అందులో ఇది పట్టనే పట్టదు. పట్టినా దానికి కరెంటు యాడనుంచి తెస్తావు? ఆ పవర్ సప్లై దీన్ని మోయలేదు. కాడిని చూసుకోకుండా గిత్తను కొంటారా మీ నాయన?"

ఆ రోజు ఆమె నాకు ఏమీ అమ్మలేదు. మర్నాడు కంప్యూటరే తెమ్మన్నది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. దాన్ని విప్పి, కొలిచి, విడిగా కరెంటు తీగ అక్కరలేని పొట్టి కార్డు ఒకటి వెతికి పెట్టింది. అది చూడటానికి ఏ ఆకర్షణా లేని వస్తువు. గంటసేపు నా ఎదుటే దాన్ని నడిపించింది. మే నెల మధ్యాహ్నం అది. కూలరు ఆపేసింది. ఇద్దరం చెమటలు కక్కుతూ తెర మీద రంగు చుక్కలేమైనా వస్తాయేమోనని కనిపెట్టుకుని కూర్చున్నాం. "మన ఎండలో నిలబడితేనే అది కార్డు. ఏసీ గదిలో అన్నీ నిలబడతాయి" అన్నది.

ఆమెది పరీక్ష అనడం కన్నా పరిశోధన అనడం సమంజసం. మరమేకుల తలలు అరిగి ఉంటే ఇదివరకే ఎవరో విప్పారని చెప్పేది. పంకాను వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. రెక్కల మీది దుమ్మును చూసి కార్డు ఎక్కడ బతికిందో చెప్పేది. బూడిదరంగు మెత్తటి పొడి ఉంటే రాతిపలకల ఫ్యాక్టరీల వైపు ఇల్లు, ఎర్రమన్ను ఉంటే పల్లె, జిడ్డు పట్టి ఉంటే ఏ మెస్సు పక్కనో. ఒకసారి అమ్మడానికి వచ్చిన పెద్దమనిషి "ఇంట్లో ఊరికే ఉన్నదమ్మా" అంటే, ఆమె దాన్ని వాసన చూసి, "ఊరికే ఉంటే ఇంత కాగుతుందా నాయనా, రాత్రీ పగలూ పని చేయించినారు దీన్ని" అని తిరిగి చేతిలో పెట్టింది.

అటువంటి మనిషి కూడా ఒకసారి మోసపోయింది. ఆమెను గురించి చెప్పవలసినదంతా ఆ సంఘటనలోనే ఉంది.

నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఎవరో వ్యాపారి నగరం నుంచి ఏడు కార్డులు తెచ్చి అత్తకు అమ్మాడు. వేడిలో నిలిచాయి, తెర మీద మచ్చ రాలేదు. కంప్యూటరు కూడా వాటిని పెద్ద రకం కార్డులనే చూపింది. అత్త పూచీ మీద అవి వారంలో అమ్ముడుపోయాయి. ఒకటి నేనే తీసుకున్నాను. అప్పటికి నా కంప్యూటరు పెట్టె మారింది. కానీ నెల గడిచినా ఆట నడవవలసినట్టు నడవలేదు. నెమ్మదించేది, తడబడేది. లోపం నా కంప్యూటరుదేనని కొన్నాళ్ళు నమ్మి, చివరికి ఆమె దగ్గరకు తీసుకుపోయాను.

అత్త కార్డు మీది లోహపు కవచం విప్పి, చిప్పు మీద వేడిని లాగడానికి పూసే పాత పేస్టు తుడిచి, భూతద్దంతో అంకెలు చదివింది. మళ్ళీ చదివింది. భూతద్దం నా చేతికిచ్చి, "నువ్వు చదువు" అన్నది. చదివాను. కంప్యూటరులో కనిపించే పేరు వేరు, చిప్పు మీద ఉన్నది వేరు. లోపలి ప్రోగ్రామును మార్చి చిన్న కార్డు చేత పెద్ద కార్డునని చెప్పించారు. వ్యాపారికి ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది.

ఆమె ఆ వ్యాపారిని తిట్టలేదు. నా చేతిలోంచి భూతద్దం తీసుకుని, "ఏడుగురు" అన్నది. "నువ్వొకదానివి వచ్చినావు. ఇంక ఆరుగురి దగ్గరికి పోవాల."

"వాళ్ళు వస్తే అప్పుడు చూద్దాంలే అత్తా."

"వచ్చేదాకా నేను దొంగనే కదా" అన్నది.

ఆ తర్వాతి ఆదివారాలు మేమిద్దరం బస్సుల్లో తిరిగాం. ఊళ్ళోనే ఉన్న నలుగురూ సౌమ్యంగా విన్నారు. గిద్దలూరులో జిరాక్సు దుకాణం నడిపే అతను మాత్రం పదిమంది ఎదుట, "ఆడమనిషి దగ్గర కొనడం నాది తప్పు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అత్త సంచిలోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టి, "తప్పు నాదేలే నాయనా. ఆడదాన్నయినందుకు కాదు, చిప్పు విప్పి చూడనందుకు" అన్నది. అతను తల దించుకున్నాడు. మేము బస్టాండు చేరేలోపు వెనకే వచ్చి, "చల్లగా ఏమైనా తాగిపో అత్తా" అన్నాడు. తాగింది కూడా. కోపం ఆమెలో ఎంతోసేపు నిలిచేది కాదు.

చివరి ఇల్లు చంద్రశేఖరపురంలో. బస్సు డ్రైవరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న సుబ్బారెడ్డి గారిది. మోకాళ్ళకు శస్త్రచికిత్స జరిగాక ఆయన ఇల్లు కదలలేకపోయారు. కంప్యూటరుకు స్టీరింగు తగిలించుకుని రోజూ బస్సు నడిపే ఆట ఆడుకునేవారు. అత్త విషయమంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "నా బస్సు బాగనే నడస్తాంది కదమ్మా. లోపల ఏ చిప్పుంటే నాకేంది?" అన్నారు.

"నీకు నడస్తాంది అన్నా. రేపు నువ్వు దీన్ని ఎవరికన్నా అమ్మితే? ఖాసింబీ ఇచ్చిన పెద్ద కార్డు అని చెప్తావు. వాడూ అట్లనే ఇంకొకరికి చెప్తాడు. ఆ అబద్ధం నా పేరు మీద ఊళ్ళు తిరగతాంటది."

డబ్బు తీసుకోవడానికి ఆయన ససేమిరా అన్నారు. రెండు రకాల ధరల మధ్య తేడా అయినా తీసుకోవలసిందేనని ఆమె పట్టుబట్టింది. తెల్లకాగితం ముక్క మీద దాని అసలు పేరు రాసి కార్డుకు అతికించాకే ఆమె మనసు కుదుటపడింది. అప్పుడాయన, "ఇంతదూరం వచ్చినావు, ఒకసారి నడిపి పో" అని కుర్చీ చూపించారు. అన్నేళ్ళుగా వందల కార్డులను పరీక్షించిన ఆ మనిషి ఏ ఆటా ఎన్నడూ ఆడలేదని నాకు ఆ రోజే తెలిసింది. స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. రెండో మలుపులోనే బస్సు కాలువలోకి పోయింది. ఆమె నవ్వింది. నెల రోజుల తర్వాత నవ్విన నవ్వు అది, కళ్ళు తుడుచుకునేంతగా.

ఆ ఏడాది రంజానుకు ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవని షమీమ్ నాకు చాలాకాలం తర్వాత చెప్పింది. అత్త ఎన్నడూ చెప్పలేదు. అప్పటినుంచి ఏ కార్డునైనా కొనేవారి ఎదుటే విప్పి, భూతద్దం వారికే ఇచ్చి చదివించేది. "నన్ను నమ్మొద్దు, చదువుకో" అనేది. అంత మాట అన్నందుకే జనం ఆమెను మరింత నమ్మారు.

ఆమెలో లోపాలు లేవని చెబితే ఆమే ఒప్పుకోదు. మొండిది. ఒంట్లో నలతగా ఉన్నా డాక్టరు దగ్గరకు వెళ్ళేది కాదు. యంత్రాలకు చూపిన శ్రద్ధలో నాలుగో వంతు తన దేహానికి చూపి ఉంటే, ఈ వ్యాసం రాసే దుర్గతి నాకు ఇప్పుడే పట్టేది కాదేమో.

పోయిన మూడో రోజు చేసే ఫాతిహా ప్రార్థనకు వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో కుర్చీల్లో బంధువులు కూర్చుని ఉన్నారు. హనుమంతునిపాడు నుంచి ఒక నడివయసు రైతు గుడ్డసంచీతో వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఆయనకు సంగతి తెలియదు. కూతురి చదువుకూ ఆటకూ పనికొస్తుందని పాత కార్డొకటి బేరం చేశాడట. అమ్మేవాడే, "మార్కాపురం ఖాసింబీకి చూపించుకో. ఆమె సరేనంటేనే డబ్బులియ్యి" అని కార్డు చేతికిచ్చి పంపించాడట. దుకాణం మూసి ఉంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

షమీమ్ సంగతి చెప్పింది. ఆయన చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు. తర్వాత, "ఇప్పుడు ఎవరికి చూపించాలమ్మా?" అన్నాడు. షమీమ్ నావైపు చూసింది.

కార్డు తీసుకున్నాను. మరలు చూశాను, పంకా తిప్పి విన్నాను, దుమ్ము చూశాను, కవచం విప్పి అంకెలు చదివాను. అత్త నేర్పినదంతా చేశాను. చేసి, "నాకు తెలిసినంతవరకు బాగానే ఉందండీ" అన్నాను.

ఆయన మర్యాదగా తల ఊపాడు. కార్డును మళ్ళీ సంచిలో పెట్టుకుని, "వాడికి వాపసిచ్చేస్తాలేమ్మా" అని వెళ్ళిపోయాడు. నేను తప్పు చెప్పానని కాదు. నాకు తెలిసినంతవరకు అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. బాగుందనో, బాగలేదనో చెప్పేది. చెప్పిన మాట తప్పయితే బస్సెక్కి ఇంటికి వచ్చేది. ఆయన అంత దూరం వచ్చింది ఆ మాట కోసం. అది ఇప్పుడు ఈ ప్రాంతంలో ఎవరి దగ్గరా లేదు.

ఆమె పడుకున్న నేల ఆమెకు చల్లగా ఉండుగాక.