రక్తం పడే పండు

డ్రాగన్ ఫ్రూట్ అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. పండు ఏం పాపం చేసిందని అడుగుతరు. ఏం చెయ్యలే పాపం, దాని మంచి గుణమే మా కొంప ముంచింది.

మా బాపు బొగ్గుబాయిల పని చేస్తడు. పోయిన ఎండకాలం నుంచి ఆయనకు దమ్ము పట్టుడు షురువైంది. కంపెనీ ఇచ్చిన కోటర్ మెట్లు ఎక్కేటందుకే రెండుసార్లు ఆగుతుండె. దవాఖానకు తీస్కపోతే రక్తం చాన తక్కువున్నదన్నరు. నేను ఫోన్ల ఎతికిన. డ్రాగన్ ఫ్రూట్ల ఇనుము ఉంటదట, సి విటమిన్ ఉంటదట, పీచు ఉంటది కాబట్టి కడుపు సాఫ్ అయితదట. నర్సక్కను అడిగితే, ఒక్క పండుతోని రక్తం ఎక్కడ పడ్తది, గోలీలు ఏసుకోవాలె, ఆకుకూర, పప్పు, గుడ్డు తినాలె, పండుల ఉన్న సి విటమిన్ ఆ ఇనుమును పెయ్యికి పట్టనిస్తది అంతే అన్నది. అంతే అయినా నాకు చాలు. చౌరస్తాల పండ్ల బండి చాచా తెల్లదాని కన్న లోపల ఎర్రగున్నదే జర తీపి అంటే, అదే ఏరుకొచ్చిన.

అవ్వ, అంటే మా అమ్మ, ఒక ముక్క నోట్లె ఏసుకొని, పైన పటారం లోన లొటారం అన్నది. అబద్ధం కాదు. పైన చూస్తే మంట లేసినట్టుంటది, తింటే దోసకాయ కన్న జర నయం. అందుకే పాలల్ల ఏసి మిక్సీ కొట్టిన. ఉప్పు కారం చల్లి పెట్టిన. డ్యూటీ టిఫిన్ల గూడ ముక్కలు సదిరిన. ఎట్ల పోయిన టిఫిన్ అట్లనే వాపస్ వస్తుండె. ఒకనాడు పక్కలు దులుపుతుంటే బాపు మెత్త కింద గోలీలు దొరికినయి.

అడిగితే అరుగుతలేదన్నడు. అవ్వ మొఖం తిప్పుకున్నది. ఆమెకు ముందే ఎరుక. నేను ఇడిచే రకాన్నా, ముంగట కూసున్న. ఆఖరికి మెల్లగ అన్నడు.

"ఇది తింటే రక్తం పడ్తదని నువ్వే అంటివి. రక్తం పడితే నన్ను అన్‌ఫిట్ ఎట్ల చేస్తరు బిడ్డా?"

మా దిక్కు ఈ ముచ్చట చిన్న పిల్లలకు గూడ తెలుసు. బాయి పనికి పెయ్యి పనికిరాదని మెడికల్ బోర్డు రాస్తే, ఆ కొలువు ఇంట్ల వారసులకు వస్తది. మా ఇంట్ల నేనొక్కదాన్నే. డిగ్రీ చదివి ప్రైవేటు బడిల గొంతు చించుకుంటున్న. బాపు రిటైర్ అయ్యేది దగ్గరవడ్డది. అయినంక బోర్డు లేదు, కొలువు లేదు, కోటర్ గూడ ఖాళీ చెయ్యాలె. లోకంల ఎవరన్న పాణం బాగైతే మిఠాయి పంచుతరు. మా కోటర్లల్ల అన్‌ఫిట్ అయితే పంచుతరు. నీ పాణం తీసి నాకు కొలువు ఎందుకని ఆనాడు పెద్ద లొల్లి పెట్టుకున్న. ఏడ్చిన గూడ. బాపు నవ్విండు గని తిండి మాత్రం తినలే.

బోర్డుకు పోయేనాటికి ఆయన అంగీ ఎవలో లావుపాటి మనిషిది అడిగి తొడుక్కున్నట్టు ఏలాడవట్టె. నేను తోలుకపోయిన. డాక్టర్ ఊపిరి చూసిండు, ఎక్స్‌రే చూసిండు. రోగమేం లేదు, సరిగ తినక రక్తం తగ్గింది, అందుకే దమ్ము వస్తున్నది అన్నడు. మంచిగ తింటే బాయి దిగొచ్చని ఫిట్ రాసిండు. ఆయన తప్పేం లేదు, ఉన్నదే చెప్పిండు.

ఇంటికి రాంగనే కత్తిపీట ముంగటేసుకొని తనే పండు కోసిండు. హమ్మయ్య, ఇప్పటికన్న తింటడు అనుకున్న. కోసిన ముక్కలన్ని గిన్నెల ఏసి నా ముంగట పెట్టిండు.

"రిటైర్ అయ్యేలోపట ఇంకొక్కసారి బోర్డుకు పెట్టుకోవచ్చు. కొలువు ఇచ్చేముందు నీకు గూడ మెడికల్ టెస్ట్ చేస్తరు. నేను అన్‌ఫిట్ గావాలె, నువ్వు ఫిట్ గావాలె. తిను."

నేను వద్దన్న. అవ్వ గిన్నెను ఇంకింత దగ్గరికి జరిపింది. ఆమె కండ్లల్లకు చూసినంక గిన్నె అందుకున్న. బాపు చూస్తుండంగ మొత్తం తిన్న.