ఏటి వంతు

ఈ ఉదయం బెంగళూరు మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంటుకు నీళ్ల ట్యాంకరు ఆలస్యంగా వచ్చింది. కొళాయి తిప్పగానే నేను అలవాటు కొద్దీ మొదటి చెంబు పట్టి బాల్కనీలో గోడ మొదట పోశాను. మా అమ్మాయి చూసి, "ట్యాంకర్ నీళ్లిట్లా వేస్ట్ చేస్తే ఎట్లమ్మా? గోడేమన్నా చిగురేస్తాదా?" అని కసురుకుంది. దానికేం చెప్పను? మా ఊరి చిత్రావతి కథ చెప్పాలంటే ముందు ఏరంటే ఏమిటో చెప్పాలి.

మాది చిత్రావతి ఒడ్డున చిన్న పల్లె. ఒడ్డు అన్నాను కదా అని గలగల పారే నీళ్లు ఊహించుకునేరు, ఏడాదిలో ముప్పాతిక భాగం మా ఏరు ఉత్త ఇసుకే, నీళ్లన్నీ దాని కడుపులో ఉండేవి. తెల్లారగానే ఆడవాళ్లు బిందెలతో దిగి, ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్లు తేటపడేదాకా కబుర్లాడుకునేవారు. ఊళ్లో సగం పెళ్లిళ్లు ఆ చెలమల దగ్గరే కుదిరాయంటే నమ్మండి. తేటపడిన మొదటి చిప్పెడు నీళ్లు మాత్రం బిందెలో పోయకూడదు, తిరిగి ఇసుకలోనే పోయాలి. అది ఏటి వంతు.

ఒక కరువు ఎండాకాలం తమ్ముడికి జ్వరం ముదిరింది, ఇంట్లో గొంతు తడుపుకోను చుక్క లేదు. అమ్మ నడుం లోతు తవ్వితే చిప్పెడు నీళ్లు ఊరాయి. చిప్ప పట్టిన ఆమె చెయ్యి బిందె మీదే ఆగిపోయింది. పైన నిలబడ్డ మా అవ్వ, మనవడంటే ప్రాణం పెట్టే మనిషి, కళ్లు తుడుచుకుంటూనే, "ముందు దానికి పోయమ్మీ, అది తాగినాంక మనకిస్తాది" అంది. అమ్మ పెదవి కొరుక్కుని ఇసుకలో పోసేసింది. అవి ఇంకిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఎంతసేపటికో మళ్లీ ఊరాయి, తమ్ముడు తాగి బతికి బట్టకట్టాడు. ఏరే ఇచ్చిందో, అమ్మ ఓపికే ఇచ్చిందో.

మొన్న వాడితోనే ఊరికి వెళ్లొచ్చాను. ఏట్లో ఇసుక లేదు, బండలూ తుమ్మకంపా తప్ప. ఏళ్ల తరబడి లారీలకెత్తి బెంగళూరుకు తోలేశారట. ఇసుక పోయాక నీళ్లు దాక్కునే చోటేదీ? తమ్ముడు మా చెలమ చోటు వెతికి వెతికి, చేతిలోని సీసా నీళ్లు కాసిని ఒక బండ మీద ఒంపాడు. అవి ఇంకలేదు, ఎండకు ఆరిపోయాయి.

ఊరు వదిలి ఇంత దూరం వచ్చామని బెంగ పడేదాన్ని. తీరా చూస్తే మా ఏరూ ఇక్కడికే వచ్చేసింది. ఇన్ని మేడల్లో ఏ గోడలో ఉందో ఎవరు చెప్పగలరు? ఈ గోడలోనే ఉందేమో. అమ్మాయి విసుక్కుంటే విసుక్కోనీ, దాని వంతు దానికి పోయకుండా నేనెలా తాగను?