నాయన కావి పంచె

మా ఇంట్లో ఒంట్లోని అన్ని భాగాలకూ పేర్లుండేవి, ఒక్కదానికి తప్ప. దాన్ని "ఆడ", అంటే అక్కడ, అనేవాళ్లం, అదీ తల దించుకుని. కడుపునొప్పి వస్తే ఊరంతా చెప్పుకునే మనుషులం, "ఆడ" ఏమైనా అయితే మాత్రం నోరు కుట్టేసుకునేవాళ్లం. ఆ సిగ్గును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా నాయనను మింగింది అదే.

మా పల్లె వడమాలపేట దగ్గర. చెరకు, వేరుశనగ పండించేవాళ్లం. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం నాయన పుత్తూరు నుంచి కావి పంచెలు కొనుక్కొచ్చాడు. అప్పటిదాకా ఆయన తెల్లపంచె తప్ప మరొకటి కట్టి ఎరగడు.

"మే, కొండకు మొక్కుకున్నాను," అన్నాడు అమ్మతో. "నడిసి కొండెక్కే దాకా ఇవే కడతా. మడి గుడ్డలు, ఎవురూ ముట్టుకోబాకండి. నేనే ఉతుక్కుంటా."

మొక్కు ఏమిటని అమ్మ అడగలేదు. మనసులో మొక్కుకున్నది బయటికి చెబితే ఫలం పోతుందని మా వాళ్ల నమ్మకం. ఆ రోజు నుంచి నాయన మంచం ఇంటి ముందు తిన్నె మీదికి మారింది. పొద్దున్నే చేలో మోటారు దగ్గరికి పోయి తన పంచె తానే ఉతికి, అక్కడే తీగ కట్టి ఆరేసుకునేవాడు. ఆ తీగ కింద నుంచి పోవాల్సి వస్తే అమ్మ కొంగు దగ్గరికి చుట్టుకుని వంగి పోయేది. మడికి ఎక్కడ భంగం వస్తుందోనని ఆమె భయం.

ఊళ్లో నాయనకు గౌరవం పెరిగింది. భజనలో ముందు వరుసలో కూర్చోబెట్టేవాళ్లు. ఆయనేమో ఒక పక్కకు ఒరిగి కూర్చుని, కాసేపటికే లేచి వెళ్లిపోయేవాడు. కారం మానేశాడు. సంగటి సగం ముద్దకే చెయ్యి కడిగేవాడు. అదంతా నిష్ఠ అనుకున్నాం. ముఖం పాలిపోతుంటే, భక్తితో కళ వచ్చిందని ఒకామె నాతోనే అన్నది!

"ఏం నాయనా, ఇంత సన్నబడినావే?" అని అడిగాను ఒకసారి.

"వేడి చేసింది, అంతే. నొప్పా పాడా? ఏం లేదులేమ్మా," అన్నాడు.

పైరు కోతలయ్యాక పెదనాయన వెంటబడ్డాడు. మొక్కుకుని కొండెక్కకపోతే ఇంటికి మంచిది కాదని తమ్ముణ్ణి రోజూ దెప్పిపొడిచేవాడు. నాయన చాలా సాకులు చెప్పాడు, చివరికి ఒప్పుకున్నాడు. లేని మొక్కు తీర్చడానికి బంధువులందరితో కలిసి అలిపిరి నుంచి బయలుదేరాం. ముందు పోయినవాళ్లు మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టి వెళ్లారు. గాలిగోపురం ఇంకా రాకముందే నాయన కూలబడిపోయాడు. అమ్మ ఆయన నడుము కింద చెయ్యి వేసి లేపబోయింది. అరచెయ్యి ఎర్రగా వచ్చింది. మెట్టు మీది కుంకుమ అనుకుని కొంగుకు తుడుచుకుంది. మళ్లీ చెయ్యి వేసింది. ఈసారి తడి తగిలింది.

తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టరు పరీక్ష చెయ్యబోతే నాయన గోడవైపు తిరిగి, "వద్దు సార్, మీ కాళ్లు మొక్కుతా," అని ఏడ్చాడు. ఆయన ఏడవడం చూడటం నాకదే మొదలు. బతిమాలి ఒప్పించారు. పరీక్షకు పట్టింది కాస్సేపే.

బయటికి వచ్చి డాక్టరు నాకూ పెదనాయనకూ విడమరిచి చెప్పాడు. పెద్దపేగు చివర, వెన్నుపూస కింది ఒంపుకు ఆనుకుని, జానెడు కూడా లేని గొట్టం ఉంటుంది. దాని లోపల అడ్డంగా మడతలు. మలం దిగితే అది సాగుతుంది, అప్పుడే మనకు కబురు తెలుస్తుంది. కింద బిగించి పట్టే కండరం. బయటి ద్వారం దగ్గర ఉన్న కాస్త భాగానికే చర్మంలాగా నొప్పి తెలుస్తుంది. దానికి పైన పుండు లేచినా, కోసినా మనిషికి తెలియదు.

"క్యాన్సరు పుండు అక్కడే ఉంది. వేలికి అందే దూరంలో. మొదట్లోనే చూపించుంటే కోసి తీసేసేవాళ్లం. ఇప్పుడు కాలేయానికి పాకింది," అన్నాడు. పెదనాయన ఆ మాటలు వినలేక కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం నాయన అమ్మతో అంతా చెప్పేశాడు. "తెల్లపంచెకైతే నెత్తురు కనపడుతుందని ఇది కట్టినా. నువ్వు ఉతికితే సూస్తావని మడి అన్నా. నొప్పుంటే సెప్పనా మే? నొప్పే లేకపాయె."

అమ్మ ఆయన కాళ్లు తన ఒళ్లోకి తీసుకుని ఒత్తుతూ కూర్చుంది.

మరుసటి ఏడు వర్షాలు పడకముందే నాయన పోయాడు. స్నానం చేయించాక పెదనాయన ఉతికిన కావి పంచె తెచ్చి, "పుణ్యాత్ముడు, మొక్కు గుడ్డతోనే పోనీ," అంటూ కప్పబోయాడు. చుట్టూ ఊరి జనం చేతులు జోడించారు. అంతసేపూ గోడకు ఆనుకుని ఉన్న అమ్మ లేచి వచ్చి ఆ పంచె లాక్కుంది.

"ఇది మొక్కు గుడ్డ కాదు బావా. ఆయనకు ముడ్డిలో పుండు లేసింది. నెత్తురు మాకు కనపడకుండా కట్టుకున్న గుడ్డ ఇది. తెల్లపంచె తెండి."

ఆ మాట మా ఇంట్లో పైకి వినిపించడం అదే మొదటిసారి. దాన్ని ముందే వినాల్సిన మనిషి మా మధ్య చాప మీద పడుకుని ఉన్నాడు.