పక్కన రాసిన అంకెలు

నా చిన్నప్పుడు ఒక తుపాకీ గురించి నేను కొన్ని అబద్ధాలు రాశాను. వాటి సంగతి నా డైరీలో కూడా ఇన్నాళ్లూ పూర్తిగా రాసుకోలేదు.

అప్పుడు మేం ఇంగ్లండులోని లీడ్స్‌లో, గోడకి గోడ ఆనుకుని ఉండే ఇళ్ల వరుసలో ఉండేవాళ్లం. అమ్మ హాస్పిటల్లో డాక్టరు. ఏ వారం డ్యూటీలు ఎలా పడతాయో ఆవిడకే తెలిసేది కాదు. నాన్న ఉద్యోగం దూరంగా రీడింగ్ అనే ఊళ్లో, శుక్రవారానికి గానీ ఇల్లు చేరేవారు కాదు. అందుకని బడి అయ్యాక అమ్మ వచ్చేదాకా పక్కింట్లో కూర్చునేదాన్ని. పక్కింటి తాతయ్య ఆ ఊరి మనిషే. వర్క్‌షాపులో లేతు మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయి రెండేళ్లయింది. ఆయన్ని అంకుల్ అని పిలవమని అమ్మ నాతో చెప్పింది. ఈ వయసులో తనకి ఊరికే ఒక మేనకోడలు దొరికిందని ఆయన వీధంతా చెప్పుకున్నారు.

ఆయనకి మిగిలిన సరదా ఒకటే, పాయింట్ టూటూ అనే సన్న తూటాల రైఫిల్. ప్రతి తూటాకీ బోల్టుని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోయాల్సిన పాతకాలపుది. శనివారాలు క్లబ్బుకి వెళ్లి కాగితపు కార్డుల మీద గురి చూసి కాల్చేవారు. ఇంట్లో అది గోడకి బిగించిన ఇనప బీరువాలో ఉండేది. తాళంచెవి ఎక్కడ పెట్టేవారో నాకు ఎప్పటికీ తెలియలేదు. మా అమ్మ మొదట ససేమిరా అంది. పిల్ల దాన్ని ముట్టుకోదు, అంకెలు మాత్రం రాసిపెడుతుందని ఆయన మాటిచ్చాకే ఒప్పుకుంది.

ఆ చలికాలం రైఫిల్ గురి చెదరడం మొదలైంది. ఒకే చోట పడాల్సిన ఐదు గుళ్లు ఎడంగా పడుతున్నాయి. ఆయన వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి దాన్ని సరిచెయ్యడానికి కూర్చునేవారు. పద్ధతి ఒకటే, వారానికి ఒక్క మార్పు. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా అనేవారు. ఒక వారం గొట్టం లోపల శుభ్రంగా తుడిచారు. ఇంకో వారం ఇనప భాగాన్ని కింది కర్ర పిడికి పట్టి ఉంచే రెండు స్క్రూలనీ ఒకే బిగువుకి తిప్పారు. తర్వాత గొట్టానికీ కర్రకీ మధ్య సన్నటి కాగితం ముక్క జరిపి, అది ఆగిన చోట కర్రని శాండ్ పేపర్‌తో అరగదీశారు. ఆపైన తూటాల రకం మార్చారు. శనివారం కాల్చిన కార్డు తెచ్చి సోమవారం నా ముందు పెట్టేవారు. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య ఎంతుందో స్కేలుతో కొలిచి నోటుబుక్కులో ఎక్కించడం నా పని. స్కేలు మీది సన్న గీతలు ఆయన కంటికి ఆనేవి కావు.

ఏం చేసినా అంకె పెరుగుతూనే ఉంది. అంకె పెరిగిన రోజు ఆయన టీకి కెటిల్ కూడా పెట్టేవారు కాదు. ఇక దీన్ని అమ్మేస్తానని ఒకసారి అన్నారు. బడిలో నా యాసకి నవ్వేవాళ్లే గానీ నాతో కూర్చునేవాళ్లు లేరు. ఆ వంటిల్లు కూడా పోతుందేమోనని భయం పట్టుకుంది.

ఆయన కర్రని మరోసారి అరగదీశారు. తర్వాతి సోమవారం పంతొమ్మిది మిల్లీమీటర్లు వచ్చిన చోట పదిహేనని రాశాను.

ఆయన మొహం విచ్చుకుంది. ఇన్నాళ్లూ కర్రే దొంగ అని దాన్ని తట్టారు. మరుసటి వారం ఇంకాస్త తగ్గించాను. ఒకరోజు కార్డు మీద అచ్చేసిన వలయాలు వంగినట్టు కనబడుతున్నాయన్నారు. నేను నవ్వాను. ఆయన రైఫిల్ మీద గురి చూసే వెనక సైటు వదులైందనుకుని దాన్నీ బిగించారు. అలా తొమ్మిది వారాలు గడిచాయి.

పదో వారం క్లబ్బులో ఎవరో స్నేహితుడు అదే రైఫిల్‌తో కాలిస్తే ఐదు గుళ్లూ దాదాపు ఒకే చిల్లులో పడ్డాయట. లోపం రైఫిల్‌ది కాదని తేలిపోయింది. నేను వెళ్లేసరికి తొమ్మిది కార్డులూ బల్ల మీద వరుసగా ఉన్నాయి. పక్కన భూతద్దం ఉంది, ఆయన అన్నీ మళ్లీ చూసుకున్నారు. ఆయన తిట్టలేదు. పెన్ను నా చేతికిచ్చి మళ్లీ కొలవమన్నారు. నేను ఏడుస్తూ మొదటి అంకె కొట్టెయ్యబోయాను.

"కొట్టెయ్యకు. అదీ నువ్వు రాసిందే. నిజం దాని పక్కన రాయి."

వాళ్ల క్లబ్బులో అదే రివాజట, తప్పు అంకెని ఎవరూ చెరపరు. ఐదో కార్డు దగ్గర, ఎందుకు చేశావని అడిగారు. మీరు మానేస్తారేమోనని, అన్నాను.

"మానేసేవాణ్ణే," అన్నారు ఆయన నెమ్మదిగా. "మానేసి కళ్ల డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి."

ఆ సాయంత్రం నా కోసం వచ్చిన అమ్మకి ఆయన చూపు సంగతి చెబితే, అమ్మ ఆయన ఎడమకన్ను మూయించి నా లెక్కల పుస్తకంలోని గళ్లు చూపించింది. గీతలు మధ్యలో కుంగిపోయి ఉన్నాయన్నారు. ఎన్నాళ్లనుంచి ఇలా అని అమ్మ అడిగింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"ఆలస్యం నాదే, డాక్టర్. నెపం రైఫిల్ మీదకి నెట్టుకుంటూ వచ్చాను," అన్నారు. నావైపు చూడను కూడా లేదు.

కుడికంటి మధ్య చూపు మళ్లీ రాలేదు. రైఫిల్ క్లబ్బుకి ఇచ్చేసే ముందు ఆయన ఆఖరిసారి ఒక కార్డు కాల్చి నా దగ్గరికి తెచ్చారు. కొలిచాను. చూపు ఆనడం కోసం కొత్తగా నేర్చుకున్నట్టు తల కొంచెం పక్కకి తిప్పి ఆయన ఎదురుచూస్తున్నారు.

"నలభై ఒకటి."

"సరిగ్గా చూశావా?"

చూశానన్నాను.

"ఘోరం," అని నవ్వారు. "రాసుకో."

ఆయన పోయాక, ఈమధ్యే, అమ్మకి అంతా చెప్పేశాను. ఆ తొమ్మిది వారాలు ముందే చూపించుకుని ఉంటే కన్ను నిలిచేదా అని అడిగాను. "ఆ రోజుల్లో దానికి వైద్యం తక్కువేనే. అలాగని తేడా ఉండేది కాదనీ చెప్పలేను," అంది అమ్మ.

దానితోనే బతుకుతున్నాను. ఎవరైనా తమ సంగతి చెప్పి నా మొహంలోకి చూసినప్పుడు, ఊరట మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. దాన్ని నమ్మి ఆ మనిషి ఇంకెన్ని వారాలు ఊరుకుంటారో నాకు తెలియదు.